ముప్పై ఒకటో పేరు

1927 మే 8, ఆదివారం

సాయంత్రం ధర్మరాజు గారి మేడ మీద తెలుగు బడి కమిటీ సమావేశం. పప్పుల వ్యాపారి ధర్మరాజు గారు అధ్యక్షులు. నేను సెక్రటరీని. అధ్యక్షుల పని కుర్చీలో కూర్చోవడం, మిగతా పనంతా నాది.

మునిసిపాలిటీ వాళ్ళ ఉత్తరం చదివి వినిపించాను. రంగూన్‌లో మన లమ్మడా పేట బడిలో వంద మంది పట్టే చోట నూట అరవై మంది పిల్లలు కూర్చుంటున్నారు. నది అవతల దలాలో ఉన్న తెలుగు బడిలో బల్లలు ఖాళీగా ఉన్నాయి. కాబట్టి లమ్మడాలో ఒక గీత గీసి, ఆ గీతకు రేవు వైపున ఉన్న ఇళ్ళ పిల్లలను దలా బడికి పంపాలట. గీత ఎక్కడ గీయాలో మన కమిటీనే చెప్పమన్నారు. తిట్లు తినడానికి మనుషులు కావలసి వచ్చినప్పుడు మునిసిపాలిటీకి మన మీద ఇంత గౌరవం పుట్టుకొస్తుంది.

చదవడం పూర్తయ్యేసరికి గదిలో ఉన్న తొమ్మిది మందీ విద్యాదాతలైపోయారు. చదువు అందరి సొత్తు అన్నారు. పేదపిల్లలు బాగుపడాలన్నారు. గీత మాత్రం తమ వీధిని ముట్టుకోకూడదన్నారు. సత్తిరాజు గారి వీధిలో గుడి ఉందట, దేవుడికి దిగువ వైపు ఉండడం అపచారమట. గోపాలం గారు తమ ఇంట్లో ఉబ్బసం ఉందన్నారు. ఉబ్బసం ఆయనకే కానీ పిల్లలకు లేదని ఎవరూ గుర్తు చేయలేదు.

చివరికి ధర్మరాజు గారు మనసులో మాట బయటపెట్టారు. "చూడండి సెక్రటరీ గారూ, రేవు కూలీల పిల్లలు మంచివాళ్ళే, కాదన్నవాడెవడు? కానీ ఆ బియ్యం దుమ్ముతో వచ్చి మన పిల్లల పక్కన కూర్చుంటే ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోవడం లేదు."

నెపం ఆడవాళ్ళ మీదకు పోవడంతో అందరూ తేలికపడ్డారు. ఇక నేను పటం పరిచి, ఎర్ర పెన్సిలుతో డల్హౌసీ వీధి వెంబడి గీత గీశాను. దానికి దిగువన రేవు దాకా గిడ్డంగులు, కూలీల చెక్క బారకాసులు. ఎగువన మనం. "నది గాలి పిల్లల ఊపిరితిత్తులకు మంచిది. సంపాన్ పడవలో పావుగంట ప్రయాణం. మన పిల్లలకు ఆ భాగ్యం లేదు" అన్నాను. అందరూ నిజమేనని తల ఊపారు.

ఇంటికి వచ్చి దుర్గాంబకు చెప్పాను. భార్య కనుక మెచ్చుకోలేదు.

మే 9

గీత తిన్నగా వచ్చింది. రూళ్ళకర్ర లేకుండా గీశాను.

మే 15, ఆదివారం

ఈ రోజు సమావేశానికి రేవు మనుషులు వచ్చారు. మెట్ల మీదే నిలబడ్డారు. ముందు నిలబడ్డది బుల్లియ్య, బియ్యం బస్తాలు మోసేవాడు. పక్కన అతని భార్య వెంకమ్మ. వాళ్ళ కూతురు చిన్నతల్లి, మా అమ్మాయి కమలమ్మ ఒకే తరగతి. మొన్నటి పరీక్షలో ఆ పిల్ల మొదటిది, మాది రెండోది. ఆ సంగతికీ గీతకూ సంబంధం లేదు. ఇక్కడ రాసిపెడుతున్నాను, సంబంధం లేదు.

"బాబూ, ఆ గీత ఏటి, మావేటి సేసినాం?" అన్నాడు బుల్లియ్య. "పొద్దు పొడవకముందే మావిద్దరమూ పనిలోకి ఎల్లిపోతాం. గుంటని సంపాన్ ఎక్కించీది ఎవుడు, దింపీది ఎవుడు? వానల్లో ఆ నది సూసినారా మీరు?"

వెంకమ్మ నెమ్మదిగా అంది, "దలా అంటే మరి మా పిల్ల సదువు అయిపోనట్టే బాబూ. ఇంటికాడ ఉండిపోతాది."

"గీత గీసింది మునిసిపాలిటీ. నా చేతిలో ఏముంది?" అన్నాను. పటం వాళ్ళదే కనుక అది పూర్తిగా అబద్ధం కాదు. బుల్లియ్య నా వైపు కాసేపు చూసి, "సరే బాబూ" అని జనాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఇంత సులువుగా వెళ్ళిపోతాడనుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక సత్తిరాజు గారికి అనుమానం వచ్చింది. రేపు వీళ్ళంతా బాబాయి ఇంట్లో ఉంటున్నాం, మావయ్య ఇంట్లో ఉంటున్నాం అని బొంకితే ఏం చేస్తామన్నారు. నేను లేచి ఒక నిబంధన ప్రతిపాదించాను. ఎవడేం చెప్పినా వినక్కర్లేదు. మునిసిపాలిటీ ఇళ్ళ రిజిస్టరులో మనిషి పేరు ఏ ఇంటి కింద ఉంటే ఆ ఇంట్లో ఉన్నట్టే లెక్క. పద్నాలుగేళ్ళుగా కలప కంపెనీలో గుమాస్తాగిరీ చేస్తున్నాను. దుంగ ఎక్కడుందో దుంగను అడగం, పుస్తకాన్ని అడుగుతాం. చప్పట్లు కొట్టారు.

మే 17

దుర్గాంబ వడ్డిస్తూ అడిగింది, "మనం గీతకు ఏ వైపండీ?"

నవ్వొచ్చింది. కిటికీలోంచి చూడమన్నాను. డల్హౌసీ వీధి మా ఇంటికి దిగువన కళ్ళెదురుగా కనిపిస్తుంది.

"సాయంత్రాలు ఆ చిన్నతల్లి వచ్చి మన పిల్లతో లెక్కలు చేయిస్తుంది. ఆ పిల్లను దలా తోలేస్తే దీనికెవరు చెబుతారు, మీరా?" అంది. పెరుగు వడ్డించమన్నాను.

జూన్ 1, బుధవారం

బడి తలుపు మీద ఈ ఏటి పిల్లల జాబితా అంటించారు. కమలమ్మ పేరు లేదు. రాతలో పొరపాటు.

చిన్నతల్లి పేరు ఉంది. అదీ పొరపాటే అయ్యుండాలి. కానీ రేవు పిల్లల పేర్లు ముప్పై ఉన్నాయి. ముప్పై పొరపాట్లు ఒకే చోట పడతాయా?

జూన్ 2

ఆఫీసుకు సెలవు పెట్టి మునిసిపాలిటీకి వెళ్ళాను. అక్కడి బర్మా గుమాస్తా ఊ ఫో సెయిన్ మర్యాదస్తుడు. కుర్చీ వేసి, టీ తెప్పించి, పెద్ద పుస్తకం తెరిచి నా కొంప ముంచాడు.

సంగతి ఇది. మనవాళ్ళను విశాఖపట్నం నుంచి ఓడలో తెచ్చేది మేస్త్రీ. పని ఇప్పించేదీ, బాధ్యత పడేదీ మేస్త్రీయే. అందుకని అతని గాంగులో, అంటే కూలీల జట్టులో, ఉన్నవాడు ఏ బారకాసులో పడుకున్నా రిజిస్టరులో మాత్రం మేస్త్రీ ఇంటి కింద రాయిస్తారు. రంగూన్‌లో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. రేవు గాంగుల మేస్త్రీ వీరన్న నాలుగేళ్ళ కిందట డబ్బు చేసుకుని గుడి వెనక ఇల్లు కొన్నాడు. గీతకు ఎగువన. ముప్పై మంది పిల్లలూ రిజిస్టరు ప్రకారం గుడి వెనక వీధి వాస్తవ్యులు.

నేనుండే వాటా ధర్మరాజు గారిది. ఆయన తన అద్దె ఇళ్ళన్నిటినీ స్ట్రాండ్ రోడ్డులో ఉన్న పప్పుల గిడ్డంగి నంబరు కిందే రాయించుకున్నారు. కాబట్టి నేనూ, నా భార్యా, నా కూతురూ నది ఒడ్డున కందిపప్పు బస్తాల మధ్య కాపురం ఉంటున్నాం. మిగతా అద్దెవాళ్ళంతా పెళ్ళికాని గుమాస్తాలు కనుక ఈ దెబ్బ నా ఒక్కడికే తగిలింది. ధర్మరాజు గారు కాపురముండే ఇల్లు భార్య పేరున వేరే ఉంది, ఎగువనే.

"ఎవరో తెలివైనవాడు పెట్టిన నిబంధన. మాకు పని చాలా తగ్గింది" అన్నాడు ఊ ఫో సెయిన్ హిందుస్తానీలో. టీ చల్లారిపోయింది, తాగకుండా వచ్చేశాను.

జూన్ 3

ధర్మరాజు గారి దగ్గరకు వెళ్ళాను. నా వాటా ఒక్కటీ వేరే నంబరుకు మార్పించమని అడిగాను.

"ఒకటి మార్చమంటే వాళ్ళొచ్చి అన్నీ కొలుస్తారండీ. ఉన్న పన్ను ఉన్నట్టుండదు" అన్నారు. "అయినా నిబంధన మీరు పెట్టిందే. సెక్రటరీయే తప్పించుకుంటే రేపు నలుగురూ ఏమంటారు? పైగా నది గాలి అమ్మాయికి మంచిదేగా."

చెప్పేవి శ్రీరంగ నీతులు. ఈ మనిషిని నేను మూడుసార్లు అధ్యక్షుడిగా బలపరిచాను.

జూన్ 5, ఆదివారం

కమలమ్మను తీసుకుని దలా వెళ్ళొచ్చాను. నది గాలి చూద్దామని.

వాన రాత్రి నుంచీ పడుతూనే ఉంది. పోటు తీసి నీళ్ళు వెనక్కి పోయిన సమయం, పడవ దాకా బురద మీద ఒక్క చెక్క పలక వేశారు. సంపాన్‌వాడు నిలబడే తెడ్లు వేస్తున్నాడు. నడిమికి వెళ్ళాక పెద్ద స్టీమరు ఒకటి పక్కనుంచి పోయింది, దాని అలకు మా పడవ పక్కకు వాలింది. కమలమ్మ నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది, ఏడవలేదు. అవతల ఒడ్డున కక్కుకుంది. దిగువ పిల్లలు రోజూ రెండుసార్లు ఈ నది దాటాలని తీర్మానం రాసింది నేనే.

దలా బడి పంతులు ముసలాయన, మంచివాడు. "నది గాలి మంచిదని మీ కమిటీలో ఎవరో రాశారటగా. ఆయన్ని ఒకసారి రమ్మనండి, ఈ గాలికి మా కప్పు మీద రేకు ఎన్నిసార్లు లేచిపోయిందో చూపిస్తాను" అన్నాడు. చెబుతానన్నాను.

దుర్గాంబ పిల్ల బట్టలు మారుస్తూ ఒక్క మాటే అంది. "నా పిల్ల మళ్ళీ ఆ పడవ ఎక్కదు. ఇక్కడ చోటు లేకపోతే ఇంట్లో ఉంటుంది. చదివినంత చాలు." వెంకమ్మ అన్నదీ అదే. అప్పుడు నాకు వినబడలేదు.

జూన్ 8

కమలమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల. సాయంత్రం చిన్నతల్లి వచ్చి వెనక మెట్ల మీద కూర్చుని ఆ రోజు పాఠం చెప్పి వెళ్ళింది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

జూన్ 10, శుక్రవారం

వీరన్న మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. గుడికని బయలుదేరి, వెనక వీధిలోంచి వెళ్ళాను.

మేస్త్రీ వాలుకుర్చీలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను చదువు గురించీ, తెలుగుజాతి ఐకమత్యం గురించీ కొంతసేపు మాట్లాడాను. అతను అంతా విని, "గుంట పేరేటి బాబూ?" అన్నాడు.

గాంగు పుస్తకం తీశాడు. అందులో ఉన్న పేర్లే మునిసిపాలిటీ రిజిస్టరుకు ఎక్కుతాయి. నా పేరు రాశాడు: నాలుగో నంబరు గాంగు, నీలకంఠం, బస్తా మోత, కూతురు కమలమ్మ. సంతకం చేద్దామని కలం తీశాను.

"సంతకం ఒద్దు బాబూ. అన్నీ ఏలిముద్రలే ఉన్నాయి గదా. మజ్జిలో ఇంగిలీసు సంతకం ఉంటే ఇనస్పెట్టరుకి అనుమానం రాదేటి?"

వేలికి సిరా పూసి తనే అద్దించాడు. పక్కనే నలుగురు గాంగు మనుషులు కూర్చుని చూశారు, ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"పేరు రాసీసినాక ఇంక మా మనిసివే" అన్నాడు వీరన్న. "మాకొచ్చిన మంచీ సెడ్డా నీకూని."

సరేనన్నాను. ఆ సమయానికి ఏం చెప్పినా సరేననేవాణ్ణి.

జూన్ 13, సోమవారం

కమలమ్మ బడికి వెళ్ళింది. వానలో తడుస్తూ పరిగెత్తింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇది మోసం కాదు. మొదటి మోసం రిజిస్టరుది. నేను దాన్ని సరిదిద్దాను, అంతే.

జూన్ 19, ఆదివారం

సమావేశం. గుట్టు బయటపడింది. నాది కాదు, మిగతాది.

బడిలో రేవు పిల్లలు ఎప్పటిలాగే కూర్చుని ఉండడం గోపాలం గారి కంటపడింది. విచారిస్తే అందరిదీ ఒకే ఇల్లని తేలింది. "మూడు గదుల ఇంట్లో ముప్పై మంది పిల్లలా? తల్లిదండ్రులతో కలిపి ఎంతమంది? ఇది పచ్చి మోసం" అన్నారు. మోసం అన్న మాట వచ్చినప్పుడల్లా నేను మంచినీళ్ళు తాగాను. మూడు గ్లాసులు తాగాను.

తీర్మానం ఏమిటంటే, సెక్రటరీ స్వయంగా వీరన్న ఇంటికి వెళ్ళి, నిజంగా అక్కడ ఎవరు పడుకుంటున్నారో తనిఖీ చేసి, పడుకోని వాళ్ళ పేర్లు కొట్టేసి నివేదిక ఇవ్వాలి. మునిసిపాలిటీకి అదే పంపుతారు. "నీలకంఠం గారి నిజాయితీ మీద మాకు నమ్మకం" అన్నారు ధర్మరాజు గారు.

జూన్ 22

తనిఖీకి వెళ్ళాను. మొదటి గదిలో మేస్త్రీ, రెండో గదిలో ఆయన కుటుంబం, మూడో గదిలో తాళ్ళు, కొక్కేలు. పడుకున్నది ఒక్క పిల్లి.

ఇంటికొచ్చి నివేదిక చిత్తు రాశాను. ముప్పై పేర్లు కొట్టేసి, ఒక్కటి ఉంచి, "ఈ ఒక్కరే అక్కడ ఉంటున్నట్టు రుజువైనది" అని రాశాను. నన్నెవరూ పట్టుకోలేరు, తనిఖీ అధికారిని నేనే. చదువుకుంటే చక్కగా ఉంది. దుర్గాంబ భుజం మీదుగా చదివి లోపలికి పోయింది.

చింపేశాను. నేనలాంటి మనిషిని కాను. పైగా అందరినీ కొట్టేస్తే వీరన్న ఊరుకుంటాడా? గాంగు పుస్తకం తెచ్చి వీధిలో పరవడూ?

పాము చావకుండా, కర్ర విరగకుండా వేరే నివేదిక రాశాను. రేవులో పగటి పని, రాత్రి పని రెండూ ఉన్నాయి కనుక గాంగు మనుషులు వంతులవారీగా పడుకుంటారు. ఒకరు లేచిన చాప మీద మరొకరు. కుటుంబాలూ అంతే. కాబట్టి మూడు గదులు చాలు. అందరూ అక్కడివారే. ముప్పై మంది పిల్లల చదువు నిలబెట్టాను. ఇంత మంచిపని నేనెప్పుడూ చేయలేదు.

జూన్ 26, ఆదివారం

నివేదిక చదివాను. సంగతి తెలిసి రేవు మనుషులు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. సత్తిరాజు గారు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆడవాళ్ళు కూడా వంతులేనా అని గోపాలం గారు అడిగారు. అవునన్నాను. ధర్మరాజు గారికి నమ్మకం కుదరలేదు. "పేర్లు చదవండి, మినిట్స్‌లో ఉంటాయి" అన్నారు.

చదివాను. బుల్లియ్య, బస్తా మోత, కూతురు చిన్నతల్లి. అలా ముప్పై చదివి, కాగితం మడిచి కూర్చున్నాను.

"సెకట్రీ బాబూ, ఒక పేరు మర్సిపోనారు" అన్నాడు బుల్లియ్య గుమ్మంలోంచి. ఎంతో వినయంగా అన్నాడు. "ముప్పై ఒకటి. నాలుగో నంబరు గాంగు. కమలమ్మ."

"ఏ కమలమ్మ?" అన్నారు గోపాలం గారు.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. తర్వాత లేచాను, ఇంకేం చేయగలను? కాగితం విప్పి చదివాను. "నీలకంఠం, బస్తా మోత, కూతురు కమలమ్మ."

సత్తిరాజు గారు పగలబడి నవ్వారు. ధర్మరాజు గారు నవ్వలేదు, మెల్లగా అడిగారు. "అయితే మీరు మా వాటాలో ఉండడం లేదన్నమాట."

"రిజిస్టరు ప్రకారం నేను మీ వాటాలో ఎప్పుడూ లేనండి. మీ గిడ్డంగిలో ఉన్నాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ ముప్పై ఒక్క పేర్లూ తప్పంటే మునిసిపాలిటీకి రాద్దాం. వాళ్ళొచ్చి ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో ఇంటింటికీ చూస్తారు. మీ గిడ్డంగి నుంచే మొదలుపెట్టమందాం."

ధర్మరాజు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నివేదిక ఆమోదించడమైనదన్నారు. వెంటనే నన్ను సెక్రటరీ పదవి నుంచి తీసేశారు. ఇంటికి వస్తే తిడుతుందనుకున్న దుర్గాంబ అడగకుండానే రెండోసారి నెయ్యి వేసింది.

బుల్లియ్య మీద మాత్రం కోపం పోలేదు. పాపం, మేలు చేద్దామనే అన్నాడు. వెర్రివాడు.

జూన్ 27, సోమవారం

ఆఫీసుకు వెళ్తుంటే వీధి కుళాయి దగ్గర బుల్లియ్య కాళ్ళు కడుక్కుంటూ కనిపించాడు. నేనే ఆగాను. నీ మీద నాకు కోపం లేదని చెప్పాను. క్షమించేసరికి మనసు తేలికపడి, రెండో మాట కూడా చెప్పేశాను. "ఆ గీత గీసింది మునిసిపాలిటీ కాదు బుల్లియ్యా, నేను."

"తెల్సు బాబూ" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ధర్మరాజు బాబు ఇంట్లో నీళ్ళు మోసీది మా ఎంకమ్మ సెల్లే గదా. మీరు గీసిన పొద్దే తెలిసిపోనాది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"ఊరుకోనేదు. నిన్న సెప్పినాను గదా." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మీ పేరు సదవకుండా ఒగ్గీసినారనుకోండి, రేపు మా ముప్పై పేర్లు కొట్టీడానికి మీకు అడ్డమేటుంది? ఇప్పుడైతే కొట్టనేరు. కొడితే మీ గుంటా పోతాది."

దండం పెట్టి రేవు వైపు వెళ్ళిపోయాడు.

రోజంతా ఆఫీసులో సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నేనలాంటి మనిషిని కానని, అతను నన్ను తప్పుగా అంచనా వేశాడని ఇక్కడ ఒక్క వాక్యం రాద్దామని కూర్చున్నాను. గంట నుంచి కలం పట్టుకునే ఉన్నాను, ఆ వాక్యం రావడం లేదు.